సూపర్‌వైజరు పోస్టు కోసం గ్లేసియర్ ఎక్కిన వైనం

కెనడా వచ్చిన మనవాళ్లు చేసిన తెలివితక్కువ పనులకు పోటీ పెడితే మొదటి బహుమతి నాకే రావాలి. రెండోది కూడా నాకే వస్తుంది గానీ, ఆ సంగతి మా ఆవిడకు ఇంకా తెలియదు కాబట్టి ఇక్కడ చెప్పను. ఇప్పుడు చెప్పేది స్నోబోర్డు సంగతి. ఒక చెక్కకు రెండు కాళ్లూ బిగించుకుని మంచుకొండ మీదినుంచి జారడాన్ని స్నోబోర్డింగ్ అంటారు. కాళ్లు రెండూ కట్టేస్తే మనిషి పడతాడని మా తెనాలిలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియడానికి మాత్రం ఒక గ్లేసియర్ ఎక్కాల్సి వచ్చింది.

అవి మన పిల్లలు విమానాలకు విమానాలు నిండి దిగుతున్న రోజులు. కాఫీ కొట్టులో కప్పులు కడిగే పనికి కూడా వీధి మలుపుదాకా లైను ఉండేది. వాంకూవర్ పక్కన సర్రేలో చదువు అయిందనిపించి నేనూ ఆ లైన్లలో నిలబడ్డాను. మా బేస్‌మెంట్‌లోనే ఉండే రమేశన్నది కరీంనగర్. నాకంటే ఒక బ్యాచ్ ముందొచ్చాడు, ఆ ఒక్క అర్హతతో మాకు గురువైపోయాడు. తను పనిచేసే హార్డ్‌వేర్ షాపులో నాకు ఇంటర్వ్యూ ఇప్పించి, ముందురోజు కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"తమ్మీ, మేనేజర్ డగ్‌కు కొండలంటే పిచ్చి. చలికాలంల ఏం చేస్తవ్ అని అడుగుతడు. స్నోబోర్డింగ్ చేస్త అని చెప్పు."

"నాకు రాదు గదన్నా."

"మేకుకు, స్క్రూకు తేడా తెలుసా నీకు? అది తెల్వకుండనే పోతున్నవ్ గద."

"నిన్నడిగినప్పుడు నువ్వేం చెప్పావు?"

"నాకు అప్పుడీ ఐడియా రాలే. చలంటే భయం, ఇంట్లనే పండుకుంట అని చెప్పిన."

ముందు వచ్చని చెప్పి తర్వాత నేర్చుకోవడం హైదరాబాదు కోచింగ్ సెంటర్లలో మాకు ఒంటబట్టిన విద్య. జావా అలా వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు, స్నోబోర్డు రాదా అనుకున్నాను. డగ్ అడిగాడు, నేను చెప్పాను, ఆయన కళ్లు వెలిగాయి, ఉద్యోగం వచ్చింది.

జులైలో సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అయింది. షెల్ఫులు సర్దే ఉద్యోగం ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్‌కి లెక్కలోకి రాదు, సూపర్‌వైజరు ఉద్యోగమైతే వస్తుంది. నా వర్క్ పర్మిట్ చివరికొస్తోంది. ఆ పోస్టు రాకపోతే ఈ దేశంలో నాకు దారి లేదు. పోటీలో ఉన్నది రమేశన్నా, నేనూ. సరిగ్గా అప్పుడే డగ్ నా భుజం తట్టి, "వేసవి అయిపోయేలోపు బోర్డులు తీసుకుని ఒకసారి కొండకు వెళ్దామా?" అన్నాడు.

బయట రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. ఈ ఎండలో మంచెక్కడిది, అడగడం వరకే కదా అని, "తప్పకుండా వెళ్దాం, వేసవి దాటకూడదు సుమా," అని నేనే గడువు పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆగస్టు చివరి శుక్రవారం డగ్ వచ్చాడు. "రేపు వెళ్తున్నాం. గ్లేసియర్ మీద మంచు బాగుందట. నీకో విషయం కూడా చెప్పాలి, దారిలో చెబుతా." ఎండాకాలంలో కూడా కరగకుండా కొండ మీద పడి ఉండే మంచు ఒకటుందని ఈ బడుద్ధాయికి అప్పుడే తెలిసింది. నిజం చెప్పేయడానికి అదే మంచి అదను. కానీ ఆ విషయమేదో పోస్టు గురించేనని నా ప్రాణం చెబుతోంది. సరేనన్నాను.

"నీ షిఫ్ట్ నేను చూస్కుంట, ఫికర్ చెయ్యకు," అన్నాడు రమేశన్న.

మర్నాడు అద్దె బోర్డు వీపున కట్టుకుని రాళ్లలో పడి నడిచాను. గ్లేసియర్ మొదలయ్యే చోట డగ్ నా నడుముకు తాడు కట్టి, రెండో కొస తన నడుముకు కట్టుకున్నాడు. అక్కడ మంచు నిలువునా చీలి ఉంది. తొంగి చూస్తే లోపల నీలం తప్ప అడుగు కనబడలేదు.

"ఇందులో పడితే?"

"నిన్ను నేను లాగుతాను."

"మీరు పడితే?"

"నువ్వు లాగుతావు," అన్నాడు, ఉప్పు అందుకోమన్నంత తేలిగ్గా.

ఆయన ప్రాణం నా అబద్ధానికి వేలాడుతోంది. భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. అయినా ఆయన వెనకే ఆ మంచు దాటాను, ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

పైన చీలికలు లేని వాలు దగ్గర తాడు విప్పాడు.

"బోర్డు మీద నీకు ముందుండేది ఏ కాలు?"

"రెండూ."

డగ్ నా వంక విచిత్రంగా చూశాడు. నేను లేచి నిలబడ్డాను, పడ్డాను. లేచాను, మళ్లీ పడ్డాను. ఆ తర్వాత లేవలేదు. వేసవి మంచు మెత్తన అనుకునేరు, రాళ్లుప్పు కుప్ప మీద ఈడ్చినట్టుంటుంది. ప్యాంటు వెనక భాగాన్ని కొండకు సమర్పించుకుని కిందికి చేరాను. డగ్ హాయిగా జారుకుంటూ వచ్చి పక్కన ఆగాడు.

"ఎప్పటినుంచి చేస్తున్నావు ఇది?"

"ఇవాళటినుంచి."

ఆయన నవ్వలేదు. "తాడుకు అవతలున్నది ఎవరో తెలియకుండా ఆ మంచు దాటానన్నమాట," అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేది.

తిరుగు దారిలో కారు నడుపుతూ డగ్ అసలు సంగతి ఎత్తాడు. "చెప్పాల్సిన విషయం ఒకటుందన్నాగా. సూపర్‌వైజరు పోస్టు నిన్న రమేశ్‌కి ఇచ్చేశాను."

"నా పనిలో లోపమేంటి?"

"ఏమీ లేదు, పనిలో నువ్వే మెరుగు. కానీ ఆ పోస్టులో ప్రతివారం శని, ఆదివారాలు షాపులో ఉండాలి. కొండల మనిషివి, నిన్నలా కట్టిపడేయడానికి మనసొప్పలేదు. రమేశ్ అయితే ఎక్కడికీ కదలడు." కారు మలుపు తిప్పి, "నీకిది రాదన్న ముక్క నిన్న చెప్పుంటే నీకే ఇచ్చేవాణ్ణి," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి రమేశన్న అన్నం వండి పెట్టాడు. "నాకు నిన్ననే చెప్పిండు తమ్మీ. పోయేటోని మూడ్ ఎందుకు ఖరాబ్ చెయ్యాలె అని చెప్పలే," అన్నాడు. కూర్చోలేను కాబట్టి నిలబడి తిన్నాను. ఇన్నేళ్లయినా ఆ అన్నం నాకు అరగలేదు. ఆయనకు పీఆర్ వచ్చింది. నేను దేశం అవతలి వైపున్న ఏజాక్స్ అనే ఊరికి వచ్చి, ఇంకో కోర్సులో చేరి, ఒకటో తరగతినుంచి మొదలుపెట్టాను.

అందుచేత సమస్త హార్డ్‌వేర్ దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నాకు ఉద్యోగమిచ్చే మహానుభావుడు ఏం వచ్చని అడిగినా, నిజంగా వచ్చింది కూడా రాదనే చెబుతాను.