శంకరనారాయణ గారి బకెట్టు కొలత

మా సావుకారు శంకరనారాయణ గారు రాబర్ట్‌సన్‌పేటలో మోటార్ల అంగడి పెట్టి ముప్పై ఏళ్ళయింది. ఈ ముప్పై ఏళ్ళలో అడిగినవాడికి అడిగిన మోటారు అమ్మిన పాపాన పోలేదు. ముందు మీ నీళ్ళు కొలవాలి. బకెట్టు, చేతిగడియారం, సుద్దముక్క పట్టుకుని ఆయన మీ సెల్లారులోకి దిగాలి. నీళ్ళు ఎంత జోరుగా ఊరుతున్నాయి, ఎంత ఎత్తుకు తోయాలి అని తేల్చాలి. అంతదాకా మీరు కాళ్ళు పట్టుకున్నా మోటారు పెట్టె కిందికి దించరు.

నా పేరు మునేష్. ఆయన అమ్మిన మోటార్లు బిగించేది నేను. ఆయన అమ్మితే కదా నేను బిగించేది! నా సగం జీవితం జనాల సెల్లారుల్లో ఆయన పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడటంలోనే గడిచిపోయింది.

ఒకప్పుడు మా కోలారు సీమలో సెల్లారులో నీళ్ళంటే నవ్వేవాళ్ళు. వెయ్యి అడుగులు తవ్వినా దుమ్ము లేచే నేల మాది. ఈమధ్య చెరువులు నిండాయి, ఊట పైకి వచ్చింది, సెల్లారు కట్టుకున్నవాళ్ళ కాళ్ళ కింద తడి మొదలైంది. కానీ మావాళ్ళ బుద్ధి మాత్రం ఇంకా బోర్లలోనే ఉంది. పెళ్ళి సంబంధానికి పోయినా "బోరుకు ఎన్ని హెచ్‌పీ?" అని అడిగాకే పిల్లవాడి చదువు సంగతి అడుగుతారు.

కామసముద్రంలో మామిడి తోటలున్న దొడ్డమునియప్ప మా ఊళ్ళో కొత్త ఇల్లు కట్టాడు. సెల్లారులో నీళ్ళూరుతున్నాయని ఒకరోజు అంగడికి వచ్చాడు.

"సావుకారే, పది హెచ్‌పీది ఒకటి తీయండి."

"నిమిషానికి ఎన్ని నీళ్ళు ఊరతాండాయప్పా?"

"అది నాకేం తెలుసు? తోటలో నా బోరుకే పదిహేను హెచ్‌పీ ఉండాది. ఇంటికి మరీ చిన్నది పెడితే బంధువులు ఏమంటారు?"

"నువ్వు తోడాల్సింది నీళ్ళనా, బంధువులనా?"

ఇంకేముంది, బకెట్టు బయటికి వచ్చింది. వాళ్ళ సెల్లారు మూలనున్న గుంతలో సుద్దతో గీత గీసి, గడియారం చూస్తూ కూర్చున్నారు. పది నిమిషాల్లో తేలిపోయింది, రెండు నిమిషాలకు ఒక బకెట్టు. ఆ తర్వాత అరగంట ఉపన్యాసం.

"ఇనప్పా. ఊరే నీళ్ళకి రెండింతలు తోస్తే చాలు, వాన గట్టిగా పడిన పొద్దు కూడా సరిపోతాది. వీధిదాకా ఎత్తు పన్నెండడుగులు, పైపుకు మూడు వంపులు. అర హెచ్‌పీ చాలు. పదిది పెడితే గుంతను గుటుక్కున మింగి ఆగిపోతాది. మళ్ళీ నీళ్ళొస్తాయి, మళ్ళీ లేస్తాది, మళ్ళీ ఆగతాది. దినమంతా నిన్ను లెయ్, కూర్చో, లెయ్, కూర్చో అంటే నీ మోకాళ్ళు ఉంటాయా?"

దొడ్డమునియప్పకు మర్యాద పోయినట్టయింది. ఇంకో అంగడికి పోయి ఏకంగా ఐదు హెచ్‌పీ తెచ్చుకున్నాడు. స్విచ్చు వేయగానే గుంత ఖాళీ! పైపు కట్లు తెంచుకుని ఎగిరి, ఎదురింటి మేడ మీద ఆరబోసిన సండిగలను, అదే వడియాలను, అన్నింటినీ తడిపేసింది. ఎదురింటావిడ తిట్లు నేను మా అంగట్లో కూర్చుని విన్నాను. నలభై రోజులకు మోటారు కాలిపోయింది. మళ్ళీ మా గడప దగ్గరికే వచ్చి నసిగాడు.

"ఆ అర హెచ్‌పీది ఇంకా ఉండాదా సావుకారే?"

"ఉండాది. కానీ మళ్ళీ కొలవాల. నలభై దినాలాయ కదా."

నేను టార్చిలైటు తీసుకున్నాను. ఏం చేస్తాను, నా ఖర్మ!

ఈ జబ్బు అంగడితో ఆగితే బాగుండేది. వేమగల్‌లో బంధువుల పెళ్ళికి పోయి, భోజనాల పంక్తిలో గడియారం తీశారు. "హనుమప్పా, నిమిషానికి నాలుగు గరిటెలు పాయసం పడతాండాది. ఈ వరసలో ముప్పై ఆకులుండాయి. కడాకు వానికి నీ పాయసం పోయేసరికి వాడు మజ్జిగన్నం తిని లేచిపోయుంటాడు" అని వంటాయనకు లెక్క చెప్పారు. హనుమప్ప గరిటె తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన పంచె ఎగ్గట్టి మూడు పంక్తులు వడ్డించారు. నిజం చెప్పాలంటే ఆ చివరి ఆకు నాదే, పాయసం వేడిగానే అందింది.

ఇంట్లో ఆయన భార్య వసంతమ్మ గారు పెద్ద కుక్కరు కావాలంటే, వారం రోజులు మిగిలిన అన్నం తూచి చిన్నది తెచ్చారు. ఆమె నాకు కాఫీ ఇస్తూ అన్నారు, "మునేషా, పెండ్లిచూపులకని ఈయన మా ఇంటికి ఐదుసార్లు వచ్చినప్పుడే మా నాయన అనుమానపడాల్సింది."

సరే, అసలు సంగతికి వస్తాను. పోయిన మే నెలాఖరున తాయమ్మ మా అంగడికి వచ్చింది. ఆమెది మా ఊళ్ళోనే కోరమండల్ వాడ. అండర్సన్‌పేటలో ఒక అంగడి కింద సెల్లారు బాడుగకు తీసుకుని, ఆరుగురు ఆడవాళ్ళను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టిస్తుంది. మహా రోషం మనిషి. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోదు. మీరు ఒక టీ ఇప్పిస్తే సాయంత్రానికల్లా మీ ఇంటికి బోండాల పొట్లం వస్తుంది.

ఆ వారం వాన దంచి కొట్టింది. ఆమె సెల్లారులో చీలమండల దాకా నీళ్ళు. ఉన్న పాత మోటారు దారం పోగులు చుట్టుకుని కాలిపోయింది. సోమవారం బడి తెరుస్తారు, మూడు వందల జతలు అందించాలి, సగం కూడా కాలేదు. ఆరుగురూ మిషన్లు వదిలేసి బకెట్లు పట్టుకున్నారు. నీళ్ళు తోడుతూ కూర్చుంటే కుట్టేదెప్పుడు? సోమవారం తప్పితే ఆ బడి పని ఇంకొకరికి పోతుంది. ఆరిళ్ళలో పొయ్యి వెలిగేది ఆ పనితోనే.

మంగళవారం పొద్దున్నే పోయి కొలిచాం. ఎప్పటిలాగే పది నిమిషాలు. సావుకారు నన్ను పక్కకు పిలిచారు.

"ఐదు నిమిషాలకు ఒక బకెట్టు. పద్నాలుగు అడుగుల ఎత్తు. అర హెచ్‌పీ చాలు. కానీ దారాలు, పీలికలు వచ్చినా చుట్టుకోకుండా బయటికి తోసే మురికినీళ్ళ మోటారు గావాల. అది మన అంగట్లో లేదు. బెంగుళూరు నుంచి రావల్ల, శనివారమైతాది."

"అంతవరకు ఏదో ఒకటి బిగిద్దాం సావుకారే!"

"గంటకొకసారి పోగులు చుట్టుకుంటాది. నీళ్ళల్లో ఆడోళ్ళుండారు, కాలిపోయి కరెంటు కొడితే?"

నేను తాయమ్మ దగ్గరికి పోయి, "తోడేదానికి ఇద్దరు మనుషుల్ని పంపిస్తానమ్మా" అన్నాను.

"ఎందుకప్పా? నా నీళ్ళు నేను తోడుకుంటా" అని ముఖం మీద కొట్టినట్టు చెప్పింది.

అప్పుడు మా సావుకారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, కొలత సరిగ్గా రాలే. మళ్ళీ కొలవాల."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరుగురు ఆడవాళ్ళు నీళ్ళలో నిలబడి ఉంటే ఈయనకు మళ్ళీ కొలతా? బండెక్కి వెళ్ళిపోయాను. బుధవారం అంగడి మూసి ఉంది, కొలతకు పోయారన్నారు. గురువారమూ అంతే. "మీ సావుకారు ఇంగ ఆ సెల్లారులోనే కాపురం పెడతాడేమో" అని బజారంతా నవ్వింది. శుక్రవారం నేనిక ఆగలేకపోయాను. నాలుగు మాటలు అడిగేద్దామని అండర్సన్‌పేటకు పోయాను.

పోయి చూస్తే నేల మీద నీళ్ళు లేవు, తడి మాత్రం ఉంది. ఆరు మిషన్లూ టకటకా తిరుగుతున్నాయి. మా సావుకారు, అరవై నాలుగేళ్ళ మనిషి, చేతికొక బకెట్టుతో మెట్లెక్కుతున్నారు. వీధి కాలువలో కుమ్మరించి, గడియారం చూసి, గోడ మీద సుద్దతో రెండు గీతలు గీసి మళ్ళీ దిగుతున్నారు. గోడ నిండా గీతలే. లెక్కపెడదామని మొదలుపెట్టి నూట ముప్పై దగ్గర వదిలేశాను. రాత్రంతా ఊరినవీ కలిపి, అది ఆ ఒక్క పూట తోడింది.

"సావుకారే, కొలతకు ఇన్ని బకెట్లా?"

"ఉష్! మెల్లగా మాట్లాడప్పా. తోడి పోస్తానంటే ఆయమ్మ ఒప్పుకుంటాదా? కొలతంటే ఒప్పుకునింది." చెమట తుడుచుకుని మళ్ళీ పెద్ద గొంతుతో, "ఈ బకెట్టు అర నిమిషం లేటు, రాసుకో!" అన్నారు.

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. మూలనున్న ఇంకో రెండు బకెట్లు తీసుకున్నాను.

"నువ్వెందుకు?"

"ఇద్దరు కొలిస్తే తప్పు రాదు కదా సావుకారే" అన్నాను.

శనివారం మధ్యాహ్నం మోటారు వచ్చింది. బిగించాను. దారాలూ పీలికలూ అన్నీ నీళ్ళతో కలిసి వీధిలోకి పోయాయి. ఆదివారం సాయంత్రానికి మూడు వందల జతలు ఇస్త్రీ అయి కూర్చున్నాయి, సోమవారం పొద్దున బడికి చేరాయి.

మంగళవారం తాయమ్మ అంగడికి వచ్చి ఒక పొట్లం బల్ల మీద పెట్టింది. విప్పితే తెల్ల చొక్కా. మా సావుకారు వద్దంటే ఆమె వింటుందా? వేసుకోక తప్పలేదు. భుజాలు సరిపోయాయి, చేతులు సరిపోయాయి. ఏ అంగడి చొక్కాకూ లొంగని ఆయన బొజ్జ కూడా ఇందులో హాయిగా ఇమిడిపోయింది.

ఆయన ముందుకు, వెనక్కు తిరిగి చూసుకున్నారు. "టేపే పెట్టలేదు కదమ్మా, ఎట్ల కుదిరింది?"

"మీరు బకెట్లెత్తుకుని మెట్లెక్కతా ఉంటే చూసినాను కదప్పా" అంది తాయమ్మ. "నాకు ఒక్కసారి చూస్తే చాలు. ఊరికే నాలుగు దినాలు కొలిచే పని లేదు."

చెప్పేసి నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి మా సావుకారు కొలత పెట్టని సరుకును ఒప్పుకుని, ఆ చొక్కాతోనే అంగట్లో కూర్చున్నారు.