కాలనీ కాడ బస్సు ఆగాల

మా పార్టీ మండల కమిటీకి నేను పదకొండేళ్లు కార్యదర్శిగా ఉన్నాను. రాజకీయం తెలిసి కాదు, చేతిరాత బాగుందని పెట్టుకున్నారు. ఎర్రగుంట్ల పోయే రోడ్డు పక్కన నాకు టైలరింగ్ షాపు ఉండేది. ఒకరోజు కొలతలిచ్చేదానికి వచ్చిన మా అధ్యక్షుడు నా కొలతల పుస్తకం తిరగేసి, "ఇంత కుదురుగా రాసేటోడు మనకు కావాలప్పా" అన్నాడు. మరుసటి నెలకల్లా మినిట్స్ పుస్తకం నా సంకలో ఉంది.

అధ్యక్షుణ్ణి అందరం పెద్దాయన అనేవాళ్లం. బుడ్డలు, అంటే వేరుశనగ, పండించే రైతు. ఆయనకే ఒక పాత నూనె మిల్లు ఉండేది. మిల్లు నిలిచిపోయి చాలాకాలమైనా షెడ్డులో, నూనె తీశాక మిగిలే చెక్క వాసన పోలేదు. నెలకో ఆదివారం అక్కడే మీటింగు. సభ్యుల్లో సగం మంది చర్చికి పోయేవాళ్లు కాబట్టి ఆరాధన ముగిసేదాకా పెద్దాయన మీటింగు మొదలుపెట్టేవాడు కాదు. "వాళ్ల ప్రార్థన కానీండి, మనకేం తొందర" అనేవాడు. ఉగ్గాని, బజ్జీలు ఆయన ఇంటి నుంచే వచ్చేవి. తిని, చేతులు కడుక్కుని, అప్పుడు చాపల మీద కూర్చునేవాళ్లం.

కమిటీలో ఆడమనిషి ఒక్కతే ఉండేది. కూలి పనికి పోయే మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేవాణ్ణి. జాబితాలో ఒక మహిళ ఉండాలని జిల్లా నుంచి మాట వస్తే ఆమె పేరు ఎక్కించాం. ఆమె చదువుకోలేదు. మీటింగుకు మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి పక్కన పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చునేది.

ఒకసారి ఆమె నోరు తెరిచింది. "మా కాలనీ కాడ బస్సు ఆపకుండా పోతాండారు. హైస్కూలు ఆడపిల్లోళ్లు సిమెంటు లారీల నడాన నడిచి పోతాండారు. ఆ దుమ్ములో లారీకి మనిషి కనపడేది శానా కష్టమప్పా" అంది. అందరూ నిజమే నిజమే అన్నారు. ఇంతలో జెండాల మాట, మా మండలానికి రాబోతున్న నాయకుడి మాట వచ్చాయి. లేచేటప్పుడు ఆమె నా దగ్గరకొచ్చి, "రాసినావా అప్పా?" అని అడిగింది. "రాసినాలే అక్కా" అన్నాను. రాయలేదు. తర్వాతి నెలా అంతే. ఆ పై నెలా అంతే. బస్సు సంగతి పార్టీ పుస్తకంలో ఎందుకులే అనుకున్నాను.

కొన్నాళ్లకు కడపలో జిల్లా సమావేశం పెట్టారు. మా కమిటీ అంతా ఒక జీపులో ఇరుక్కుని పోయాం. పెద్ద కల్యాణ మండపం, వేదిక మీద రెండు వరసల కుర్చీలు. మధ్యాహ్నం దాకా వేదిక మీదివాళ్లే మాట్లాడారు. ఆ తర్వాత మండలానికి రెండు నిమిషాలన్నారు. పెద్దాయన కోసం స్వాగతాలు, కృతజ్ఞతలతో నేనొక కాగితం రాసిపెట్టాను. మా మండలాన్ని పిలవగానే ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, వెనక్కి తిరిగి, "నువ్వు పోమ్మా. నీ బస్సు సంగతి చెప్పు" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం కొంగు సర్దుకుంది. తర్వాత నేరుగా మైకు దగ్గరకు నడిచింది. షెడ్డులో చెప్పిన మాటలే అక్కడా చెప్పింది. వేదిక మీది నాయకుడొకాయన మధ్యలో అడ్డుపడి, "అమ్మా, ఇది పార్టీ సమావేశం. మీ కమిటీ తీర్మానం ఏదన్నా ఉంటే చెప్పండి" అన్నాడు.

"ఉండాది సార్" అందామె. "మూడు నెలలు వరసగా చెప్పినా. మా అప్ప పుస్తకంలో రాసినాడు. సదువప్పా."

మండపమంతా నా వైపు తిరిగింది. లేచి నిలబడి పుస్తకం తెరిచాను. ఎదురుగా జెండాల పంపకం గురించి రాసిన పేజీ ఉంది. దాని మీద కళ్లు పెట్టి, లేని తీర్మానాన్ని చదివాను. "కాలనీ వద్ద ఉదయం, సాయంత్రం బస్సు ఆపవలెనని, విద్యార్థినుల భద్రత దృష్ట్యా ఈ కమిటీ ఏకగ్రీవంగా కోరుచున్నది" అని, ఎక్కడా తడబడకుండా చదివాను. ముందు మా వాళ్లు చప్పట్లు కొట్టారు, తర్వాత మండపమంతా కొట్టింది. డిపోకు ఉత్తరం రాయిస్తామని ఆ నాయకుడు మైకులోనే మాటిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో జీపు కుదుపుల మధ్యే ఆ తీర్మానం రాశాను. అక్షరాలు వంకర్లు పోయాయి. ఊళ్లో దిగాక ఆమెను పక్కకు పిలిచి, "అక్కా, నేను ముందు రాయలేదు. నీతో అబద్ధం చెప్పినా" అన్నాను.

"తెలుసులే అప్పా" అందామె. "నాకు సదువు రాదు గానీ కండ్లుండాయి కదా. నేను మాట్లాడేటప్పుడు నీ పెన్ను మూత తీయనేలేదు."

"మరి ఆడ అందరి ముందర నన్నెందుకు చదవమన్నావు?"

"నువ్వు సదువుతావని నమ్మకం ఉండె" అని నవ్వి, సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది.

నెల తిరక్కముందే కాలనీ దగ్గర బస్సు ఆగింది. మొదటిరోజు చూద్దామని షాపు మూసి మరీ పోయాను. ఆడపిల్లలు గలగలా మాట్లాడుకుంటూ ఎక్కుతుంటే ఆమె తట్ట పక్కన పెట్టి, చేతులు కట్టుకుని చూస్తోంది. నన్ను చూసి తల ఊపింది.

ఆ తర్వాత మా మీటింగుల తీరే మారిపోయింది. గోడకు ఆనుకున్నవాళ్లంతా ముందుకు జరిగారు. కొళాయి, శ్మశానం దారి, వంగిన కరెంటు స్తంభం, అందరి మాటా రాయాల్సి వచ్చేది. మధ్యాహ్నం భోజనానికి కూడా లేచేవాళ్లం కాదు. నా జీవితంలో మంచి రోజులంటే నాకు ఆ ఆదివారాలే గుర్తొస్తాయి.

ఇప్పుడు కమిటీలు పైనుంచే వస్తాయి. జాబితా ఫోన్లో పడుతుంది, మీటింగూ ఫోన్లోనే. పక్కూరి సభ్యుడి ముఖం నాకు తెలియదు.

పోయిన ఎండాకాలం పెద్దాయన చనిపోయాడు. మట్టి చేసి వచ్చాక పాత కమిటీ వాళ్లం ఆ షెడ్డు నీడలో కూర్చున్నాం. మొదట అక్కే అంది, "అందరూ వచ్చినారు కదా. పెద్దాయనకు మనం ఊరికే కూచుంటే నచ్చేది కాదు. ఎవురి కష్టం వాళ్లు చెప్పండప్పా."

ఒకాయన కళ్లు తుడుచుకుని, తన వీధి కొళాయికి నాలుగు రోజులుగా నీళ్లు రావడం లేదన్నాడు. ఆ మాట మీద ఇంకొకరు అందుకున్నారు. పొద్దు వాలేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.