ఇంటర్వ్యూకి తీసుకెళ్లిన ఉల్లిగడ్డ

వంటింట్లో నా భార్య రమ్య ఉల్లిగడ్డలు తరుగుతోంది. నేను పక్కనే బల్ల దగ్గర కూర్చుని మా పాప నర్సరీ అడ్మిషన్ ఫారం నింపుతున్నాను. తార్నాకలోని కాన్వెంటు ఫారం అది. పద్దెనిమిది గడుల్లో పదిహేడు నింపేశాను, పదకొండో గడి ఒక్కటే వదిలేశాను. ఉల్లి ఘాటు తగిలితే ఎవరికైనా ఆకలి గుర్తొస్తుంది. నాకు మాత్రం యూనివర్సిటీ క్యాంపస్‌లో బాష్పవాయువు, దాని వెనకే మా చెల్లెలు శ్రావణి తెల్ల మేజోళ్లు గుర్తొస్తాయి.

మా బాపు కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో ల్యాబ్ అటెండర్. మేము క్యాంపస్ వెనక వైపు స్టాఫ్ క్వార్టర్లలో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. పగలంతా గాజు సామాను కడిగిన అలవాటుతో బాపు ఇంట్లో మంచినీళ్ల గ్లాసును కూడా కిటికీ వెలుతురుకు ఎత్తి, మరక లేదని తేల్చుకున్నాకే తాగేవాడు. ఎండాకాలం హాస్టల్ గోడల పక్కన రాలిన వేపపూలు ఏరుకునేవాళ్లం, వానలు మొదలయ్యాక గుంతల్లో కప్పపిల్లల్ని సీసాల్లో పట్టేవాళ్లం, బతుకమ్మ రోజుల్లో అమ్మ వెంట పొదల్లోకి పోయి సంచి నిండా తంగేడు పూలు తెంపుకొచ్చేవాళ్లం, ఆ సాయంత్రం రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు తింటే మర్నాటి దాకా చేతులు నెయ్యి వాసన వేసేవి.

తెలంగాణ ఉద్యమం వచ్చాక మా ఆటల పట్టికలో కొత్త ఆట చేరింది. క్యాంపస్ ఎన్‌సీసీ గేటు దగ్గర విద్యార్థులకూ పోలీసులకూ గొడవ సద్దుమణిగాక, మర్నాడు పొద్దున్నే వెళ్లి ఖాళీ బాష్పవాయు గుండ్లు ఏరుకోవడం ఆ ఆట. నా దగ్గర పదకొండు ఉండేవి. దొరికిన చోటు, రోజు కాగితం ముక్క మీద రాసి ఒక్కోదానికి అంటించేవాణ్ణి. గొడవ రోజు ఇల్లు దాటే పిల్లలందరి జేబుల్లో రెండు తప్పనిసరి: తడి చేతిరుమాలు, సగానికి కోసిన ఉల్లిగడ్డ. పొగ కమ్మితే ఉల్లిగడ్డ ముక్కు దగ్గర పెట్టుకోవాలి. అది నిజంగా పనిచేస్తుందా అని కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు నీడలో బతికే మాలో ఒక్కరూ అడగలేదు.

నేను చదివింది దగ్గర్లోని సర్కారు బడి. తెలుగు మీడియం, మూడు గదులు, అయిదు తరగతులు. పదకొండు గంటలకల్లా వరండాలోంచి పప్పుచారు పొగ లోపలికొచ్చేది, ఆ తర్వాత ఎక్కాలు ఎవరి చెవికీ ఎక్కేవి కావు. కాన్వెంటు తార్నాక మెయిన్ రోడ్డు మీద ఉండేది. మా బడి తొందరగా వదిలేసిన రోజుల్లో నేను కావాలని ఆ దారిన నడిచి, గేటు ఊచల్లోంచి చూసి మనసులో లెక్క రాసుకునేవాణ్ణి: ఎర్ర టై, నీళ్ల సీసా, నల్ల బూట్లు, శనివారం మాత్రం తెల్ల బూట్లు, బాస్కెట్‌బాల్ స్తంభం, విగ్రహం దగ్గర గులాబీ మొక్కలు, వరుస తప్పకుండా నడిచే పిల్లలు. ఆ వరుసే నన్ను ఎక్కువ బాధపెట్టేది. అందులో నిలబడితే నా అంత కుదురుగా ఎవరూ నిలబడరని నాకు తెలుసు.

మా పక్కింటి గ్రేసమ్మ ఆంటీ అక్కడే టీచరు. వాళ్లది గుంటూరు వైపు, భర్త యూనివర్సిటీలో గుమాస్తా. క్రిస్మస్‌కి గులాబీ పువ్వుల పిండివంట చేసి అందరికంటే ముందు మా ఇంటికే పంపేవారు. నేను అయిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం ఆవిడ మా గడపలో నిలబడి అమ్మతో అన్నారు. “గొడవలకు భయపడి ఒక కుటుంబం విజయవాడ వెళ్లిపోయింది వదినా. ఆరో తరగతిలో ఒకటి, ఒకటో తరగతిలో ఒకటి సీట్లు ఖాళీ. మీవాడికి ఆరోది అడిగాను. ఇంటర్వ్యూకి మీరిద్దరూ రావాలి, ప్రిన్సిపల్ మదర్ పిల్లల కంటే ముందు తల్లిదండ్రుల్నే చూస్తారు.”

“మాకు ఇంగ్లీష్ యాడిది టీచరమ్మా,” అంది అమ్మ.

“నవ్వుతూ కూర్చోండి చాలు.”

వారం రోజులు నేను వేరే లోకంలో ఉన్నాను. ఆంటీ చెప్పిన ప్రశ్నలకు నలభై జవాబులు నంబర్లు వేసి రాసుకుని, ఒకటి నుంచి నలభై దాకా ఆగకుండా అప్పజెప్పేవాణ్ణి. అయిదేళ్ల శ్రావణికి ఏ తయారీ లేదు. అది రోజూ లాగే ఆంటీ ఒళ్లో కూర్చుని, ఆవిడ కాపీలు దిద్దుతుంటే వచ్చీరాని ఇంగ్లీషులో కబుర్లు చెప్పి, కేకు తిని వచ్చేది.

ఇంటర్వ్యూ నాటి పొద్దున క్యాంపస్‌లో గొడవ మొదలైంది. బస్సులు లేవు. ఆంటీ బడికి వెళ్లిపోయారు, చెల్లెల్ని వదలడానికి ఇంకో ఇల్లు లేదు.

“దాన్ని గూడ తోల్కపోదాం తియ్,” అన్నాడు బాపు. అమ్మ నా జేబులో సగం ఉల్లిగడ్డ పెట్టింది. తార్నాక చౌరస్తా దాటకముందే గాలి మండింది. శ్రావణి ఏడుపు మొదలుపెడితే నేను నా ఉల్లిగడ్డను రెండు ముక్కలు చేసి ఒకటి దాని చేతిలో పెట్టాను.

మదర్ గది చల్లగా, ఫినాయిల్ వాసనతో ఉంది. ఆవిడ మొదట బాపును ఏం చేస్తారని ఇంగ్లీషులో అడిగారు. బాపు లేచి నిలబడి, “బ్యూరెట్, పిపెట్, కోనికల్ ఫ్లాస్క్, ఆల్ క్లీనింగ్ మేడం,” అన్నాడు. ఆవిడ నవ్వారు, చెడుగా కాదు. తర్వాత నన్ను అడిగారు, నిన్న ఏం చేశావని. అది నా నలభైలో లేదు. నా నోటికి ఒకటో నంబరు వచ్చింది, నా పేరు చెప్పాను. ఆవిడ మళ్లీ అడిగారు, నేను రెండో నంబరు చెప్పాను, అది బాపు పేరు. మూడోసారికి నా వయసు చెప్పాను. నిన్న నేను పదకొండో గుండు ఏరాను. ఇంగ్లీషులోనే కాదు, తెలుగులో కూడా ఆ మాట నాకు తట్టలేదు.

ఆవిడ కాగితాలు పక్కన పెట్టి ముక్కు ఎగబీల్చి, ఈ వాసనేంటి అన్నారు. అమ్మ తల దించుకుంది. శ్రావణి పిడికిలి విప్పి బల్ల మీద ఉల్లి ముక్క పెట్టింది.

“ఆనియన్, మదర్. ఫర్ టియర్ గ్యాస్. అన్న గేవ్ మీ.”

మదర్ దాన్ని దగ్గరకు పిలిచారు. పేరు అడిగారు, ఏడ్చావా అని అడిగారు. “లిటిల్,” అంది అది. ఆరో తరగతికి బాబు ఇంగ్లీషు చాలదనీ, పాపను మాత్రం ఒకటో తరగతిలో చేర్చుకుంటామనీ చెప్పారు.

తిరిగొస్తుంటే బాపు దాన్ని భుజానికెత్తుకున్నాడు. “ఒక్కలకన్న దొరికె గద బిడ్డా,” అన్నాడు నాతో.

“ఉల్లిగడ్డ నాది,” అన్నాను.

“ఏంది?”

“ఏం లేదు.”

ఆ తర్వాత అయిదేళ్లు పక్క పక్కన రెండు మేకులకు మా సంచులు వేలాడాయి. దాని మేజోళ్లు అమ్మ ప్రత్యేకంగా నీలం కలిపి ఉతికేది. నేను ఆరో తరగతికి ఇంకో సర్కారు బడిలో చేరాను. తెలంగాణ సమ్మెలో మా సార్లు కూడా రోడ్డెక్కి బడికి వారాల తరబడి తాళం పడితే, బందు రోజుల పాఠాలు పూర్తిచేయడానికి కాన్వెంటులో ఆదివారాలు కూడా క్లాసులు పెట్టారు. సెలవు పోయిందని శ్రావణి ఏడ్చేది. ఆ ఆదివారాల మీద కూడా నాకు ఈర్ష్యే. ఒక శనివారం దాని తెల్ల బూట్లకు పూసే సుద్దను నేనే నీళ్లలో పడేశాను. దానికి బడిలో దెబ్బ పడలేదు, బాపు ల్యాబు నుంచి సుద్దముక్క తెచ్చి పూశాడు. నేను పాలిటెక్నిక్ ద్వారా ఇంజనీరింగ్‌కి వెళ్లి, దాని కంటే ముందే ఉద్యోగంలో చేరాను. అయినా ఫోన్లో అది ఇంగ్లీషు మాట్లాడుతుంటే ఇప్పటికీ పక్క గదిలోకి వెళ్లిపోతాను.

పాపను ఎక్కడ చేర్చాలో తేల్చడానికి పోయిన వారం రెండు నిలువు వరుసలతో పట్టిక వేశాను. ఒకటి కాన్వెంటు, ఒకటి నా మొదటి బడి. రెండోది రాసేముందు చూసొద్దామని వెళ్లాను. పిల్లలు తగ్గారని దాన్ని వేరే బడిలో కలిపేశారట. గేటుకు తాళం, పప్పుచారు వండిన వరండాలో ఎవరివో సిమెంటు బస్తాలు. మా క్వార్టర్లను కూల్చేశారు. తంగేడు పొదల చోట కంచె ఉంది. గ్రేసమ్మ ఆంటీ వాళ్ల ఊరికి వెళ్లిపోయారు. నా పదకొండు గుండ్లను ఇల్లు మారేటప్పుడు అమ్మ పాత ఇనుము వాడికి వేసిందని చాలా కాలం తర్వాత తెలిసింది. పట్టికలో ఒక్క వరుసే మిగిలింది.

ఇందాక శ్రావణి ఫోన్ చేసింది. “అన్నా, పదకొండో గడిల నా పేరు రాసినవా? అది ఉంటెనే ముందుగాల పిలుస్తరు.”

“రాస్త తియ్.”

“నువ్వు రాయవు, నాకెర్కే. వదినకియ్యి ఫోను.”

పదకొండో గడి: ఈ పాఠశాలలో చదివిన కుటుంబ సభ్యులు. మా చెల్లెలి పేరు రాశాను, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో. ఉల్లి ముక్క ఇచ్చింది ఎవరో రాయడానికి కింద ఇంకో గడి ఉందేమోనని కాగితం తిప్పి చూశాను. వెనక ఖాళీగా ఉంది.