ఊరెళ్ళేవాళ్ళ పేజీ

ఏక్‌బాల్‌పూర్‌లో మన తెలుగువాళ్ళుండే గల్లీలో తిరుపతిరావుని ఎరగనివాళ్ళు లేరు. ఓడరేవు డాకులో క్రేను నడిపి రిటైరైన మనిషి. భార్య పోయింది, కొడుకు హౌరాలో వేరు కాపురం. చేతిలో పని లేనప్పుడు మనిషికి ఏదో ఒక పెత్తనం కావాలి కదా, ఆయనకి ఫేస్‌బుక్‌లో దొరికింది. కొడుకు తెరిచిచ్చిన ఆ పేజీకి ‘ఊరెళ్ళేవాళ్ళు’ అని తనే పేరు పెట్టుకున్నాడు.

ఈ గల్లీలో ఎవరు శ్రీకాకుళం వైపు బండెక్కినా వాళ్ళ సామాన్లతో మాత్రమే ఎక్కడమంటూ లేదు. పక్కింటివాళ్ళ మందులు, ఎదురింటివాళ్ళ సందేశ్ మిఠాయి డబ్బా, ఎవరి మనవరాలికో గౌను, అన్నీ మోయాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు ఎండుచేపలూ జీడిపప్పూ అదే వరసలో వస్తాయి. అందుకని ప్రయాణం ఖాయమైనవాళ్ళు ముందుగా తిరుపతిరావుకి చెప్పేవారు. ఆయన వాళ్ళని గల్లీ మొదట్లో నిలబెట్టి ఫోటో తీసి, ఫలానావాళ్ళు ఫలానా రోజు సోంపేట వెళ్తున్నారు, చిన్న మూటలు మాత్రమే తేవలెను అని కింద రాసేవాడు. ఆ ‘తేవలెను’లో ఆయన దర్జా అంతా ఉండేది. తెలుగు చదవడం రాని పిల్లలు కూడా ఫోటో చూసి సంగతి పోల్చుకునేవారు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా జయంత్ నోటికి దురద పుట్టింది. జయంత్ ఇదే గల్లీలో పుట్టి పెరిగినవాడు, భవానీపూర్‌లో ఒక కొరియర్ ఆఫీసులో ఉద్యోగం. ఒక ఫోటో కింద, ‘కొరియర్లుండగా ఈ మూటలేటి తాతా’ అని సరదాకి రాశాడు. దాని కింద పళ్ళికిలించే బొమ్మలు బారులు తీరాయి. ఆ పేజీ చూసి మందులు పంపించుకున్నవాళ్ళు కూడా నవ్వారు. అది చూసి తిరుపతిరావుకి ఒళ్ళు మండిపోయింది. పేజీ ఆపేయాలా అని ఫోను రెండోసారి అడిగినా ఆలోచించలేదు, ఆపేశాడు.

నాలుగు రోజులు పోతే అందరూ వచ్చి బతిమాలతారని ఆయన లెక్క. ఎవరూ రాలేదు. దుర్గాపూజ దగ్గరపడి ఎవరి హడావిడిలో వాళ్ళున్నారు. నవ్విన నవ్వుకంటే ఈ మరిచిపోవడం ఆయన్ని ఎక్కువ కుళ్ళబెట్టింది.

ఆ రోజుల్లోనే టీకొట్టు దగ్గర అదే గల్లీలో ఉండే గోపీనాథ్ కలిసి, అలవాటు కొద్దీ, శుక్రవారం సోంపేట వెళ్తున్నానన్నాడు. తిరుపతిరావు విననట్టు మట్టి కప్పులో టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. అదే సాయంత్రం అమ్మన్నమ్మ వచ్చింది. గల్లీ చివరింటి ముసలావిడ, తిరుపతిరావు అప్పా, అంటే అక్కా అని పిలుస్తాడు. మంచం పట్టిన మొగుణ్ణి వదిలి ఎక్కడికీ కదల్లేని మనిషి.

“తిరపతీ, ఈ వారం ఊరెవులైనా ఎల్తన్నారేటి? సిన్న మూటుంది.”

“పేజీ మూసీసినానప్పా. కొరియర్లున్నాయి గదా, అందుల పంపుకో.”

“కొరియర్ల పంపీది కాదు బాబూ,” అంది ఆవిడ. ఇంకేదో అనబోయి, మానేసి వెళ్ళిపోయింది.

ఆ మూటలో ఏముందో తిరుపతిరావు అడిగి ఉంటే ఈ కథే లేదు. సోంపేటలో ఆవిడ చెల్లెలికి జబ్బు ముదిరి ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశారు. ఆడమనిషి పోతే ఒంటిమీద పుట్టింటి కోక పడాలి. ఆ చెల్లెలికి పుట్టిల్లంటూ మిగిలింది అమ్మన్నమ్మ ఒక్కతే. ఎర్రంచు పసుపు కోక కొని, చెల్లెలు లేచి తిరిగాక కట్టుకుంటుందని తనకి తనే చెప్పుకుంది. బతికున్న మనిషికి అలాంటి కోక పంపుతున్నానని నోటితో ఎలా అంటుంది? ఇంటింటికీ తిరిగి ఎలా అడుగుతుంది? పేజీలో ఫోటో పడితే, మారుమాటాడకుండా వెళ్ళి ఆ మూట వాళ్ళ చేతిలో పెట్టేది. పోనీ కొరియర్‌లో పంపుదామంటే, ఎవరో గుమ్మంలో పడేసి సంతకం పెట్టించుకునేది పుట్టింటి కోక ఎలా అవుతుంది? మనవాళ్ళ చేతిమీదుగా వెళ్ళాలి.

గోపీనాథ్ వట్టి చేతులతో సోంపేటలో దిగాడు. అతను ఊళ్ళో ఉండగానే ఆ చెల్లెలు కన్నుమూసింది. ఆవిడమీద అత్తింటివాళ్ళు సంతలో కొన్న కోక కప్పి పంపేశారట. పుట్టింటి దిక్కు లేని మనిషిలా పోయిందని అక్కడి ఆడవాళ్ళు ఏడ్చారట. తిరిగొచ్చి గోపీనాథే ఈ మాటలు చెప్పాడు.

అమ్మన్నమ్మ మూటలో ఏముండి ఉంటుందో తిరుపతిరావుకి అప్పుడు అర్థమైంది. ఒక్క మాట చెప్తే సరిపోయేది. శుక్రవారం గోపీనాథ్ వెళ్తున్నాడు, అంతే. ఆ ఒక్క మాటా చెప్పకుండా తను నిలబెట్టుకున్న అభిమానం ఏ మూలకొచ్చిందో ఆయనకే తెలియలేదు. ఇన్నేళ్ళూ మంది మూటలు పంపించిన మనిషి, పంపాల్సిన మూట వచ్చిన రోజున ముఖం తిప్పుకున్నాడు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా సిగ్గుతో చితికిపోయాడు.

మర్నాడు ఫోను పట్టుకుని జయంత్ ఇంటికే వెళ్ళాడు. వేరే ఎవరినడిగినా తెరిచిపెట్టేవారే. కానీ అక్కడికే వెళ్ళాలనిపించింది. పాస్‌వర్డ్ గుర్తు లేదు. జయంత్ నంబర్లేవో తెప్పించి, నొక్కి, చివరికి తెరిచిచ్చాడు. సరదాకి రాసినాను తాతా, ఇంతవుతుందనుకోలేదు అని అతనూ తల దించుకున్నాడు. పేజీ ఎక్కడా చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. పళ్ళికిలించే బొమ్మలు అక్కడే ఉన్నాయి. ఇప్పుడు చూస్తే వాటిలో కోపం తెచ్చుకోవాల్సిందేమీ కనబడలేదు. కిందికి జరుపుతుంటే నిరుటి ఫోటో ఒకటి వచ్చింది. చెల్లెలు పంపిన ఎండుచేపల పొట్లం రెండు చేతులా ఎత్తి పట్టుకుని అమ్మన్నమ్మ నవ్వుతోంది.

అక్కణ్ణించి తిన్నగా ఆవిడింటికి నడిచాడు. మంచంమీద ముసలాయన నిద్రపోతున్నాడు. గుమ్మంలోనే నిలబడి, “పేజీ మళ్ళీ తెరిసినానప్పా,” అన్నాడు.

“మంచి పని సేసినావు.”

“గోపీనాథు ఎల్తన్నాడని నాకు తెలుసప్పా. తెలిసే సెప్పనేదు.”

“నీకు సెప్పే ఎల్లినానని ఆడు సెప్పినాడు,” అంది అమ్మన్నమ్మ.

తిట్టలేదు. తిడితే బాగుండునని తిరుపతిరావు అక్కడే నిలబడ్డాడు. ఆవిడ లోపలికి వెళ్ళి, విప్పని మూట తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

“నాకింక పుట్టింటోలు ఎవులూ మిగల్నేదు. ఇది నీ కాడుంచు. నానెల్లిపోయిన్నాడు నువ్వట్టుకురా.”

తిరుపతిరావు ముడి ఇంకోసారి బిగించాడు. మూట గుండెకి అదిమి పట్టుకుని గల్లీలోకి దిగాడు. ఎదురైన గోపీనాథ్, మళ్ళీ ఎవరిదో మూట వచ్చినట్టుందే, ఎవరు తీసుకెళ్తున్నారు దాదా అని అడిగాడు.

“నానే,” అన్నాడు తిరుపతిరావు.