మావయ్య బండికి నా ఇనుప దిమ్మలు

ఇప్పుడు ఏ బండి కొన్నా నాలుగు చక్రాల మీదా తిన్నగా నిలబడుతోంది గానీ, డెబ్బైల నాటి ఆ రోజుల్లో మా బెజవాడలో ఒక్కో బండిది ఒక్కో వాలకం. కొన్ని కుడివైపు ఒరిగేవి, కొన్ని వెనక్కి చతికిలబడేవి. మా ఉయ్యూరు మావయ్య బండి మాత్రం ముక్కు నేలకేసి వాల్చి, వెనకభాగం పైకెత్తి నిలబడేది. మిలటరీవాళ్లు వదిలించుకున్న పాత పికప్పును వేలంలో కొని, చెరుకుతోటల బురదలో దిగబడకుండా పెద్ద చక్రాలు వేయించి మొత్తం బండినే ఎత్తు చేయించాడాయన. అంతటితో ఊరుకుని ఉంటే నాకీ అపకీర్తి వచ్చేది కాదు. చెరుకు నింపితే వెనక కుంగుతోందని అక్కడ బండి బరువు మోసే ఉక్కుపట్టీల కమాన్ కట్టలకు అదనంగా పట్టీలు కూడా వేయించాడు. దాంతో నిండుగా ఉంటే బండి సమంగా ఉండేది, ఖాళీగా ఉంటే ఎవరికో సాష్టాంగపడబోతున్నట్టు ఉండేది.

ఆ బండితో నాకు పని పడింది మా నాయనమ్మ వల్ల. మాది పటమట. ఏటా గుణదల తిరునాళ్లకి మా పేట గుడిలోని మరియమాత స్వరూపాన్ని, అంటే విగ్రహాన్ని, ఊరేగింపుగా తీసుకెళ్లేవాళ్లం. నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గినప్పుడు, మాతను మన బండిలోనే గుణదల తీసుకెళతానని నాయనమ్మ మొక్కుకుంది. (మనకి బండే లేదన్న సంగతి ఆ సమయంలో ఆవిడకి గుర్తు రాలేదు. అడిగితే, "మీ మావయ్యకి ఉందిగా" అంది.) మొదటి ఏడు పీఠం కింద ఇటుకలు పెట్టి ఎలాగో నిలబెట్టాం. రైలుగేటు దగ్గర కుదుపుకి ఇటుక జారి మాత ముందుకు పడబోతే, ఉపదేశి గారు కౌగిలించుకుని ఆపారు. గుడి పనులన్నీ చూసే పెద్దమనిషి ఆయన. ఆ వాలు చూసి బండి ఎక్కడానికి మరెవరికీ ధైర్యం చాలక జనమంతా రిక్షాల్లో వచ్చారు. మరుసటి ఏడు పండగ దగ్గర పడగానే ఉపదేశి గారు మా ఇంటికొచ్చి, "ఈసారికి ట్రాక్టరు మాట్లాడామమ్మా, ఏమనుకోకండి" అన్నారు. నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "నా తల్లిని బోర్లా పడేయబోయిన మొక్కు మొక్కా? నిటారుగా తీసుకెళ్తేనే గానీ అది తీరదు. నాకింకెన్నేళ్లున్నాయిరా?" అని కళ్లొత్తుకుంది.

నేనప్పుడే పాలిటెక్నిక్ పాసై, పటమటలోనే ఒక మెకానిక్కు షెడ్డులో చేరాను. నాయనమ్మ కళ్లనీళ్లు చూసి ఊరుకోలేకపోయాను. వెనక అదనపు పట్టీలు తీసేద్దామని మావయ్యకి చెబితే, "తీసేస్తే నా చెరుకు నువ్వు మోస్తావా అల్లుడూ?" అన్నాడు. సరే, వెనక దించనివ్వకపోతే ముందు లేపుదామనుకున్నాను. ముందు ఇరుసుకీ కమాన్ కట్టకీ మధ్య రెండువైపులా ఇనుప దిమ్మలు పెట్టి, పొడుగు బోల్టులతో బిగించాను. తాపీమేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి బండి వెనక తొట్టిలో పెడితే బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. ఉపదేశి గారికి నా రసమట్టం మీద నమ్మకం లేక, అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసు తొట్టిలో పెట్టి, వంగి ఈ పక్కా ఆ పక్కా చూసి, "బానే ఉంది బాబూ" అని ట్రాక్టరు వద్దని కబురు పంపారు. ఆ నిమిషంలోనే, అందరూ వింటుండగానే నేను చెప్పాను. "ఇది ఖాళీ బండికి చేసిన కొలతండీ. మాత తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు." "భలేవాడివే! మాత బండి ఎవరెక్కుతారు?" అన్నారాయన. ఈ మాట పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మా పేటలో ఒక్కరికీ గుర్తు లేదు.

పండగనాడు బండిని పూలతో అలంకరించి మాతను నిలబెడితే, కొలిచి గీసిన గీతలా నిలబడింది. నాయనమ్మ ముఖం చూడాలి ఆ క్షణంలో! నేను స్నానం చేసి చొక్కా మార్చుకుని వచ్చేసరికి కొంప మునిగింది. పోయినేడు వాలు చూసి జడిసినవాళ్లంతా, ఈసారి తొట్టి చదునుగా ఉంది కదాని ఎక్కి కూర్చున్నారు. పాటలవాళ్లు, హార్మోనియం, పులిహోర గంగాళాలు, మాత పక్కన కూర్చుంటే మోకాళ్ల నొప్పులు పోతాయన్న ముసలమ్మలు, వాళ్లందరి మధ్యా మా నాయనమ్మ! వెనక కుంగి, నా దిమ్మలు ముందు భాగాన్ని పైకెత్తి పట్టుకోగా, మాత వెనక్కి వాలి మబ్బుల్లోకి చూస్తోంది. "ఏం చదువయ్యా ఇది? పోయినేడు ముందుకి పడేశావు, ఈయేడు వెనక్కి పడేస్తావా?" అన్నారు ఉపదేశి గారు, అదీ బండిలో కూర్చునే! పోయినేటి వాలుకీ నాకూ ఏం సంబంధమండీ? దిగమని నేను మొత్తుకుంటుంటే, "జనం ఎక్కరా ఏంటి బండన్నాక? ఆమాత్రం తెలీదా?" అని నన్నే ఎదురు దులిపేశారు. మావయ్య స్టీరింగు పట్టుకుని, "నా బండి నాకున్నట్టు ఉంటే బాగుండేది" అని గొణిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు నాయనమ్మ మాత వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "ఒరే, ఆ ముక్కాలిపీట ఇటెయ్యి. నా తల్లి ఎనక్కి పడిపోతా ఉంటే నేనెట్టా కూచుంటానురా?" అని, నా భుజం పట్టుకుని దిగింది. అంత ముసలావిడ దిగాక మిగిలినవాళ్లకి మొహం చెల్లలేదు. ఒక్కొక్కరే దిగుతుంటే వెనక భాగం కొంచెం కొంచెంగా లేచింది, దానితోపాటే మాతా లేచి నిటారుగా నిలబడింది. అంతే! "మాత లేచింది! చూడండి, లేచింది!" అని జనం చేతులు జోడించారు. ఉపదేశి గారు నేలమీద మోకరించారు. "కమాన్ కట్టండీ అది! బరువు తగ్గి లేచింది!" అని నేను అరిచాను. నాస్తికుణ్ణి చూసినట్టు చూశారు. గుణదల దాకా అందరూ బండి వెనక నడిచారు. కాళ్లు బొబ్బలెక్కిన పాపం మళ్లీ నాకే చుట్టారు. నాయనమ్మ వెనక తలుపు అంచు పట్టుకుని, ఎక్కడా కూర్చోకుండా నడిచింది. కొండ దగ్గరికి చేరాక నా చెవి దగ్గరికి వంగి, "ఇనుము పెట్టింది నువ్వేలేరా. నాకు తెలుసు" అంది. ఇన్నేళ్లలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

ఆ తరవాతి ఏడు కూడా భయంతోనో భక్తితోనో ఎవరూ బండెక్కలేదు. పై ఏడూ అంతే. మావయ్య బండి తుక్కు కిందికి పోయింది, నాయనమ్మ పోయింది, ఉపదేశి గారూ పోయారు. ఇప్పుడు మాతను తీసుకెళ్లే వ్యానులో ఇరవైమంది ఎక్కినా అది అంగుళం కుంగదు. అయినా ఒక్కరూ ఎక్కరు. మాత ముందు తగ్గి నడవాలని మా పెద్దలు పెట్టిన ఆచారమని గుడిలో ప్రసంగాల్లో కూడా చెబుతున్నారు. ఆ పెద్దలు ఎవరయ్యా అంటే రెండు ఇనుప దిమ్మలు! ఎవరికి చెప్పుకోను?

పోయిన పండక్కి నా మోకాళ్లు మొరాయిస్తే, సిగ్గు విడిచి వ్యాను వెనక కాలు పైకెత్తాను. ఒక కుర్రాడు వచ్చి మర్యాదగా చెయ్యి పట్టుకుని ఆపాడు. "తాతగారూ, ఏమనుకోకండి. మాత బండి ఎవరూ ఎక్కకూడదండీ." నోటిదాకా వచ్చిన కోపం ఎందుకో అక్కడే ఆగి నవ్వయింది. అప్పుడు గొంతు చించుకుని నేను చెప్పిన మాటే కదా అది. కాలు దించి, మాత నిటారుగా ఉందో లేదో ఒకసారి చూసుకుని, నాయనమ్మ పట్టుకున్న చోటే వెనక తలుపు అంచు పట్టుకుని నడిచాను.