చూడుమన్న చోటెల్లా చూచితిని

వాగ్దేవి పాదములకు వందనము. భాద్రపద శుద్ధ దశమి, ఉదయము.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో అంతర్జాలం లేదు గాని, అందులో దారి తప్పే విద్య నాకు అప్పటికే కరతలామలకము. ఈ మధ్య తేనెటీగలపై ఒక మంచి గ్రంథం మొదలుపెట్టి, రాణి ఈగ ఆయువెంతో సరిచూచుకొందామని ఫోను తెరిచితిని. అక్కడినుండి మైనము, మైనమునుండి దీపస్తంభాలు, వాటినుండి మునిగిన ఓడలు. పుస్తకం నేటికీ నలుబదవ పుటలోనే ఉన్నది. (“ఈగ బతికిందా, ఓడతో పాటు మునిగిందా?” అని మా ఇంటావిడ పరామర్శ.)

ఈ రోగం పాతది. ఎమ్మిగనూరు బడిలో తెలుగు పండితుడనై చేరిన యేడు, ఆదోని దారిలోని పల్లెనుండి మా మేనమామ బస్సు దిగి వచ్చినాడు. వాన పడింది, విత్తనం వేయవలసిన వేళకు ఎద్దు మెడమీద కాడి పుండు. పశువుల డాక్టరు సెలవులో ఉన్నాడు. “సదువుకున్నోడివి, పెద్ద బుక్కుల్లో మందు సూసి సెప్పప్పా. ఐదు గంటల బస్సుకు పోవల్ల” అని గ్రంథాలయం మెట్లమీద కూర్చున్నాడు.

నేను లోపలికి పోయి విజ్ఞాన సర్వస్వంలో ‘ఎద్దు’ తెరిచితిని. మెడపుండ్లకు ‘కాడి చూడుడు’ అని ఉన్నది. గ్రంథము చూడుడన్న పిమ్మట చూడకుండుట అపచారమని గురువులు నేర్పిన మర్యాద. ‘కాడి’ రెండవ పంక్తిలోనే, కొయ్యకు ‘తుమ్మ చూడుడు’. (మందు ఆ కిందనే ఉండి ఉండవచ్చును, ఆజ్ఞ ముందు వచ్చింది.) ‘తుమ్మ’లో, ఆ ఆకు మేసే మృగానికి ‘జిరాఫీ చూడుడు’. అక్కడ సర్వమూ మరచితిని. గ్రంథాలయం మూయవచ్చినవాని తాళాల గుత్తి చప్పుడైనప్పుడు గాని తల ఎత్తలేదు.

“దొరికినాదా అప్పా?” అని మెట్లమీదినుండి మామ లేచినాడు.

“మామా, జిరాఫీ అంత పొడుగు మెడలో ఎముకలెన్నో చెప్పు!”

“నా ఎద్దు మెడకు ఏం పూయల్లో నువ్వు సెప్పు!”

“ఏడే మామా! మన మెడలోనూ ఏడే!”

మామ నా మెడను బేరానికి వచ్చినవాడిలా ఇటూ అటూ చూచినాడు. “అట్లనా? అయితే రేపు కాడి నీకే కడ్తా, రా.”

బస్సు వచ్చింది. మామ వెనుదిరిగి చూడకుండా ఎక్కినాడు.

ఆ యేడు, అనగా పందొమ్మిది వందల డెబ్బది తొమ్మిది, మృగశిర కార్తె చివర, పొరుగువారి ఎద్దును అడిగి తెచ్చుకొని మామ నాలుగు రోజులు ఆలస్యంగా విత్తినాడు. నేను సెలవు పెట్టి పోయి విత్తనపు గొర్రు వెంట నడిచితిని. పుండు పక్షం రోజులకు మానింది. ఏ మందు పూసినారో అడుగుటకు అప్పుడు మొగము చెల్లలేదు, నేటికీ తెలియదు.