చల్లగాలికి అడ్డంగా ఒక కుర్చీ

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఆ మధ్యాహ్నం రెండు మెసేజీలు వచ్చాయి. మోటారు రిపేరుకొచ్చింది, సాయంత్రం దాకా నీళ్ళు రావు, బకెట్లు నింపుకోండి అని మొదటిది. ఐదో అంతస్తు టీచర్ గారు ఇక లేరు అని రెండోది. మొదటిదాని కింద జనం విసుగు బొమ్మలు పెట్టారు, రెండోదాని కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేను అప్పుడు ఆఫీసులో ఉన్నాను. చదివి, ఫోను బోర్లా పెట్టి, చేస్తున్న పని పూర్తి చేశాను. ఏడుపు రాలేదు. కిటికీలోంచి ఒకసారి ఆకాశం వంక చూశాను. ఎండ మాడ్చేస్తోంది, పేరుకి కూడా మబ్బు లేదు. ఇవాళ సాయంత్రం ఆవిడకి పనేమీ ఉండేది కాదు అనుకున్నాను.

ఆ పనేమిటో మీకు చెప్పాలి. బెజవాడ పటమటలో మా అపార్ట్‌మెంటు ఐదంతస్తులది. లిఫ్టు ఐదో అంతస్తు దాకానే వస్తుంది, అక్కడి నుంచి మేడ మీదికి మెట్లెక్కాలి. ఆ మెట్లకి ఒక పక్క టీచర్ గారి గుమ్మం, ఇంకో పక్క మాది. ఆవిడ ఉయ్యూరు దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. సోషల్ అంటే ఆవిడ లెక్కలో భూగోళమే. రాజులూ యుద్ధాలూ మీరు చదువుకోండర్రా అని పిల్లలకి వదిలేసేవారట. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని మేమెవరమూ అడగలేదు, అడిగేంత చనువు ఆవిడ ఇవ్వనూ లేదు.

క్లాసులో ఆవిడ పాఠం ఎలా ఉండేదో ఆవిడ దగ్గర చదువుకున్న మా ఆఫీసు సహోద్యోగి ఒకాయన చెప్పాడు. చలికాలం పొద్దున్నే పిల్లల్ని కిటికీ దగ్గరికి పిలిచి, దూరంగా చక్కెర ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చే పొగని చూడమనేవారట. పొగ కొంత ఎత్తు లేచి, ఏదో తగిలినట్టు అక్కడే ఆగి, పక్కకి దుప్పటిలా పరుచుకునేది. "అక్కడ మూత ఉందర్రా" అనేవారట. కింద చల్లటి గాలి, దాని మీద వెచ్చటి గాలి, పొగకి దారి లేదు. ఎండెక్కి నేల కాగాక మళ్ళీ కిటికీ దగ్గరికి పిలిచేవారు. అప్పటికి పొగ మెలికలు తిరుగుతూ ఎంతో ఎత్తుకి పోతూ ఉండేది. వాతావరణ స్థిరత్వం, అస్థిరత్వం అన్న మాటలు ఆ తరవాతే నోట్సులో రాయించేవారు.

అదే పాఠం నాకు మా వంటింట్లో చెప్పారు. మే నెల, ఆకు కదలడం లేదు, పొయ్యి మీద అన్నం గిన్నె మూత టపటపలాడుతోంది. ఇంత ఉక్కేమిటండీ అన్నాను, ఏదో అనాలి కాబట్టి. ఆవిడ దగ్గర ఆ మాట అనకూడదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"పొద్దుటి నుంచీ నేల కాగిందా? బందరు వైపు నుంచి సముద్రపు గాలి తడిని మోసుకొచ్చి ఇక్కడ పోసింది. దాని పైన పడమటి వేడిగాలి మూతలా కూర్చుంది. మూత గట్టిదైతే ఇంతే, మనం సాయంత్రం దాకా ఇలాగే ఉడుకుతాం. ఎక్కడన్నా ఆ మూత లేచిందనుకో, కిందున్న గాలంతా ఆ సందులోంచి పైకి పోతుంది. పోయేకొద్దీ చల్లబడుతుంది, అయినా ఆగదు."

"చల్లబడ్డాక ఎందుకాగదండీ?"

"దాని చుట్టూ ఉన్న గాలి ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి. పక్కవాళ్ళ కన్నా వెచ్చగా ఉన్నంతసేపూ లేస్తూనే ఉంటుంది. అందులో ఉన్న తడి మబ్బుగా మారేప్పుడు, ఆ తడిలో దాగున్న వేడి కూడా బయటపడి, దాన్ని ఇంకా పైకి తోస్తుంది. పొయ్యి కిందే ఉందనుకోకు అమ్మాయ్, మబ్బులో కూడా ఉంది."

"అయితే ఇవాళ వాన పడుతుందంటారా?"

"మూత లేస్తే పడుతుంది."

"లేస్తుందా మరి?"

"నాతో చెప్పి లేవదమ్మా అది."

ఆవిడతో మాట్లాడితే ఎప్పుడూ ఇంతే. తేల్చి చెప్పరు. బాల్కనీలో నిలబడి కొండ వైపు చూసేవారు. మబ్బుని కాదు, దాని అంచు చూడమనేవారు. అంచు కాలీఫ్లవర్ పువ్వులా గట్టిగా ఉంటే గాలి ఇంకా లేస్తోందని, దూది పీకినట్టు చెదిరితే దాని పని అయిపోయిందని. ఇది మాత్రం నాకు పట్టుబడింది. ఇప్పటికీ బస్సులో కూర్చుని అంచులు చూస్తుంటాను.

బెజవాడ ఎండల గురించి ఇక్కడివాళ్ళకి నేను చెప్పేదేముంది. రోజంతా గదుల్లో తలుపులేసుకుని మగ్గుతాం. సాయంత్రం ఉన్నట్టుండి తలుపులు కొట్టుకుంటాయి, దుమ్ము లేస్తుంది, చల్లగాలి వీస్తుంది. వానింకా రాదు. అంతే, అపార్ట్‌మెంటు మొత్తం మేడ మీదికి పరుగు. మగవాళ్ళు చొక్కా గుండీలు విప్పుకుని గాలికి నిలబడతారు, పిల్లలు గెంతుతారు, ఆడవాళ్ళు ఎండబెట్టిన వడియాలూ మిరపకాయలూ ఎత్తుతారు. ఈ పరుగు టీచర్ గారికి పడేది కాదు. నీలం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి మెట్లకి అడ్డంగా వేసుకుని కూర్చునేవారు.

"ఆ చల్లగాలి ఎక్కడిదనుకుంటున్నారు? పైకెక్కిన గాలి చినుకులతో చల్లబడి దబ్బున కింద పడింది. మబ్బు నెత్తి మీదికి వచ్చేసిందని కబురు. ఇప్పుడా మేడెక్కేది?"

పిడుగు భయం ఆవిడది. పేపర్లో జిల్లా పేజీలో పిడుగుపాటు వార్త వస్తే, పోయినవాళ్ళు ఆ క్షణంలో ఏం చేస్తున్నారో పైకి చదివి వినిపించేవారు. ధాన్యం మీద టార్పాలిన్ పట్టా కప్పుతుండగా. మేడ మీద బట్టలు తీస్తుండగా. చదివి పేపరు మడిచి, "వానలో పోలేదు వీళ్ళు. వానకి ముందు పోయారు" అనేవారు. ఎత్తాల్సినవి మబ్బు లేవకముందే, మధ్యాహ్నమే ఎత్తేయాలి. ఎత్తకపోతే తడవనివ్వాలి. ఇదీ ఆవిడ చట్టం. చాలా రోజుల్లో పిడుగూ లేదు, ఒక్కోసారి వానా లేదు. మేం మాత్రం విసుక్కుంటూ దిగేవాళ్ళం.

ఈ చట్టానికి మా అత్తగారి మాగాయ బలైంది. మాగాయ సంగతి తెలియనివాళ్ళు కూడా చదువుతారేమో, చెబుతాను. పుల్ల మామిడికాయలు చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పులో ఊరేసి, ఊట పిండేసి, మండుటెండలో ఎండబెట్టాలి. ఆ ఎండే దాని ప్రాణం. సగం ఎండిన ముక్కల మీద చినుకు పడితే బూజు పట్టి జాడీ మొత్తం పోతుంది. అత్తగారు మాకే కాదు, మంగళగిరిలో మా ఆడపడుచుకి కూడా ఏడాదికి సరిపడా పెట్టేవారు. ఆవిడ చేతి మాగాయ అంటే మా బంధువుల్లో పేరు.

నాలుగేళ్ళ కిందట ఓ వేసవిలో ముక్కలన్నీ మేడ మీద పాత చీర పరిచి ఎండేశారు. మధ్యాహ్నం టీచర్ గారు తలుపు కొట్టారు.

"వదినగారూ, అంచులు గట్టిగా ఉన్నాయి. దించేయండి."

"ఇంత ఎండ పెట్టుకుని దించేదేంటండీ? ఇవాళ్టితో వరుగైపోతాయి" అని అత్తగారు ఓ కునుకు తీశారు.

తలుపులు కొట్టుకుంటే మెలకువ వచ్చింది. బేసిన్ పట్టుకుని పరిగెత్తారు. మెట్లకి అడ్డంగా కుర్చీ, కుర్చీలో టీచర్ గారు.

"లేవండి టీచర్ గారూ, ముక్కలు తడిసిపోతాయి!"

"తడవనివ్వండి వదినగారూ."

"ఏడాది మాగాయండీ!"

"కాయలు మళ్ళీ కొనుక్కోవచ్చు."

"నాకు పిడుగంటే భయం లేదండీ, మీ కుర్చీ అంటేనే భయంగా ఉంది. లేస్తారా, లేవరా?"

లేవలేదు. వాన కురిసింది. పిడుగు పడలేదు, ఎక్కడో దూరంగా నాలుగు ఉరుములు ఉరిమి ఊరుకుంది. వాన వెలిశాక మేం వెళ్ళి చూస్తే చీర మడుగులో ఉంది, ముక్కలు ఉబ్బిపోయి తేలుతున్నాయి. అత్తగారు అన్నీ ఎత్తి పారేశారు. ఆ ఏడు మా ఇంట్లో కొట్లో కొన్న పచ్చడి తిన్నాం.

మర్నాడు టీచర్ గారు సంచీడు మామిడికాయలు పంపిస్తే అత్తగారు వాచ్‌మన్ చేత తిప్పి పంపించారు. ఎదురెదురు గుమ్మాలు, మాటల్లేవు. లిఫ్టులో ఇద్దరూ ఎక్కితే నేను మధ్యలో నిలబడి అంతస్తుల నంబర్లు చూసేదాన్ని. నాకది నవ్వులాటగానే ఉండేది, టీచర్ గారు ఓ రోజు నన్ను పిలిచి అడిగేదాకా.

"నేను తప్పు చేశానంటావా అమ్మాయ్?"

"పిడుగు పడలేదు కదండీ" అన్నాను.

"పడుతుందని నేనెప్పుడన్నాను? పడొచ్చు అన్నాను. మాగాయ పోయిందని కాదు నా బాధ. ఇక నా మాట ఎవరూ వినరు. నిజంగా పడే రోజున కూడా వినరు" అన్నారు. ఆవిడ గొంతులో భయం నేను వినడం అదే మొదలు.

ఆవిడ అన్నట్టే అయింది. మరుసటి వేసవి నుంచి జనం కుర్చీ పక్కనుంచి ఒరుసుకుంటూ ఎక్కిపోయేవారు. "మాగాయ టీచర్ గారొచ్చారు" అని నవ్వుకునేవారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆవిడ లేచి ఆపలేరు. అయినా చల్లగాలి వచ్చిన ప్రతిసారీ కుర్చీ వేసుకునేవారు. ఎక్కేవాళ్ళ వీపు వంక చూస్తూ, "త్వరగా దిగండి, త్వరగా దిగండి" అంటూ వాళ్ళంతా దిగేదాకా అక్కడే కూర్చునేవారు. అది చూడటం నాకు కష్టంగా ఉండేది. నాకు ఆవిడ మీద ఉన్నది గౌరవమే అనుకుంటూ వచ్చాను. ఇది రాస్తుంటే అంతకన్నా ఎక్కువే ఉందని తెలుస్తోంది.

టీచర్ గారు పోయాక ఉయ్యూరు నుంచి ఆవిడ తమ్ముడి కూతురు వచ్చి కార్యక్రమాలన్నీ జరిపించింది. సామాను బండికెత్తించి, కుర్చీ పాతదని మెట్ల దగ్గరే వదిలేసింది. అత్తగారు అన్నిటికీ వచ్చారు. అందరితోనూ మాట్లాడారు, టీచర్ గారి గురించి మాత్రం ఏమీ అనలేదు.

మొన్న ఆదివారం. అత్తగారి మాగాయ ముక్కలు మేడ మీద ఉన్నాయి, ఈ ఏటివి. మధ్యాహ్నం నేను బాల్కనీలోంచి చూసి, "అంచులు గట్టిగా ఉన్నాయి అత్తయ్యగారూ" అన్నాను. ఇంకాసేపు ఎండనీ అన్నారు. ఆ కాసేపట్లోనే తలుపులు కొట్టుకున్నాయి. లిఫ్టు తలుపు చప్పుడు, పిల్లల అరుపులు, మెట్ల మీద చెప్పుల చప్పుడు. అత్తగారు బేసిన్ పట్టుకుని గబగబా బయటికి వెళ్ళారు. నేనూ సాయానికి వెనకే వెళ్ళాను.

ఆవిడ మెట్లెక్కలేదు. మొదటి మెట్టు దగ్గర ఆగి, పైకి ఓసారి చూసి, గోడవారగా ఉన్న నీలం కుర్చీని బరబరా లాగి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. అప్పటికే ఎక్కిన ఇద్దరు పిల్లల్ని కేకేసి దించారు. మూడో అంతస్తాయన తువ్వాలు భుజాన వేసుకుని నవ్వుతూ వచ్చారు.

"జరగండి పిన్నిగారూ, చల్లగాలి ఎంత బావుందో!"

"తెలుసు బాబూ. పైనుంచి పడ్డ గాలి అది. కిందకి పదండి."

"మరి మీ మాగాయ?"

అత్తగారు కుర్చీని మెట్లకి ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు. మెట్ల పైనున్న రేకు మీద చినుకులు మొదలయ్యాయి. ఖాళీ బేసిన్ ఒళ్ళో పెట్టుకుని, ఆ చప్పుడు వింటూ, వాన వెలిసేదాకా ఆవిడ ఆ కుర్చీలోంచి లేవలేదు.